శ్రీమన్నారాయణ దుకాణంలో మాటల్లేని పాటలు

మా శ్రీమన్నారాయణకు ఉన్నది ఒకటే పిచ్చి. మాటలున్న పాటను తన దుకాణం గడప దాటి రానివ్వడు. మాటలు లేకపోయినా, పదిమందికి తెలిసిన బాణీ అయితే దానికీ ప్రవేశం లేదు. ఆయన పెట్టేదల్లా సర్ఫ్ రాక్ అనే గిటార్ సంగీతం. విదేశాల్లో చెక్క పలకల మీద నిలబడి సముద్రపు అలల మీద జారే కుర్రకారు కోసం పుట్టిందట. అందులోనూ పేరున్న బ్యాండ్లు పనికిరావు. సొంత వీధిలో కూడా ఎవరూ గుర్తుపట్టని బ్యాండ్ల ఆల్బమ్‌లే కావాలి.

ఆత్మకూరు బస్టాండు వీధిలో ఆయనది పురుగుమందుల దుకాణం. ఎదురుగా నాది జిరాక్సు షాపు. నవ్వితే దానికీ జీఎస్టీ కట్టాలన్నట్టు ఉంటుంది ఆయన మొహం. ఆ మొహం వెనక నుంచి, బావిలో కూర్చుని వాయిస్తున్నట్టు గిటార్లు మోగుతుంటే, మందు కొనడానికొచ్చిన రైతు తన పొలం సంగతి మరిచిపోయి నిలబడిపోయేవాడు.

ఒకసారి అనంతసాగరం నుంచి చెంచురామయ్య వచ్చాడు. వరికి దోమ పడింది. మందు డబ్బా చేతిలో పట్టుకుని కూడా కదలడు.

"మ్యూజిక్ బాగనే ఉండాది సెట్టీ. పాటెప్పుడు మొదలవతాది?"

"ఇదే పాట."

"ఇది ముందొచ్చే మ్యూజిక్ గదా."

"ముందూ ఇదే, వెనకా ఇదే."

"మరి పాడేవాడు?"

"లేడు."

"పోయినాడా?" అన్నాడు చెంచురామయ్య, గొంతు తగ్గించి. సమాధానం రాకపోయేసరికి, పోయాడనే అనుకుని, తలపాగా తీసి ఒక్క నిమిషం నిలబడి మరీ వెళ్ళాడు.

సీడీలు పోస్టులో వచ్చేవి. ఫిన్లాండు నుంచి ఒకటి, పోర్చుగల్ నుంచి ఒకటి. ఫిన్లాండు బ్యాండు పేరుకు తెలుగులో 'తడి తువాళ్ళు' అని అర్థం. బజారంతా ఆయన్ను తువాళ్ళ సెట్టి అనేది.

"అక్కడ చలికి సముద్రం గడ్డకట్టి పోతాదంట రమణా," అనేవాడు నాతో దిగులుగా. "అల అనేదే రాదు. అయినా నలుగురూ కూర్చోని అలల పాటలు వాయిస్తానే ఉండారు. మూడో ఆల్బమ్ కూడా ఎవురూ కొనలా. డ్రమ్ములు వాయించేవోడు చేపల కంపెనీలో చేరిపోయినాడు."

"అయితే ఇంకేం, నీకు పండగే."

"అవును. మంచి బ్యాండు," అనేవాడు.

పోర్చుగల్ వాళ్ళ సంగతి వేరు. పాపం, వాళ్ళ బాణీ ఒకటి ఏదో సబ్బు ప్రకటనలోకి ఎక్కింది. టీ కొట్టు టీవీలో అది వినపడిన పూటే శ్రీమన్నారాయణ ఆ సీడీ తీసి అటక మీదికి విసిరేశాడు.

"ఏమైందిరా సెట్టీ?"

"చెడిపోయినారు. అందరికీ తెలిసిపోయినారు."

"పాట అదే గదా."

"తెలిసినాక ఇంక దేనికి?"

ఆయన్ను చూసి బజారు నవ్వేది. కానీ పక్క షాపు ప్రమీలారాణిని తలుచుకుని జాలిపడేది. ఆమె టైలరు. రెండు దుకాణాలకూ మధ్య ఉన్నది ఒక్క రేకు గోడ. భర్త వరదయ్య ఉన్న రోజుల్లో ఇద్దరూ చెరో మిషను మీద కుట్టేవాళ్ళు. వరదయ్యకు పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రాతో పాడే పని కూడా ఉండేది. కలువాయిలో ఒక పెళ్ళికి పాడి మోటారు సైకిలు మీద వస్తూ లారీ కింద పడి చనిపోయాడు. ఆ రెండో మిషను మీద ఇప్పటికీ గుడ్డ కప్పి ఉంటుంది. అసలే మొగుడు పోయిన మనిషి, పైన రేకు గోడ అవతలి ఈ గిటార్ల మోత అని అందరూ అనుకునేవాళ్ళం.

ఆ ఏడు కాలం బాగాలేదు. నాట్లప్పుడు రాని వాన కోతలప్పుడు వచ్చింది. పొలాల్లో పంట మునిగాక పురుగుమందు ఎవరికి కావాలి? శ్రీమన్నారాయణ దుకాణంలో ఈగలు తప్ప గిరాకీ లేదు. బయట ముసురు, లోపల గిటార్లు. సరిగ్గా అప్పుడే నా పక్కన సాయి అనే కుర్రాడు సెల్‌ఫోన్ల షాపు తెరిచాడు. మెట్ల మీద మనిషంత స్పీకరు పెట్టి పొద్దున్నుంచీ సినిమా పాటలు మోగించాడు.

శ్రీమన్నారాయణ గొడుగు వేసుకుని రోడ్డు దాటి వచ్చాడు.

"అబ్బయ్యా, కొంచెం తగ్గించుకోవా?"

"కొత్త షాపు గదా అంకుల్. జనం రావాల. మీరు పెట్టేది చావు మేళం మాదిరి ఉండాది, మీకెవురొస్తారు?"

ఆయన వెనక్కి వెళ్ళి తన స్పీకరు పెంచాడు. సాయి ఇంకా పెంచాడు. మధ్యాహ్నానికి వీధిలో ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. ఆధార్ జిరాక్సు అడిగిన మనిషికి నేను పాన్ కార్డు జిరాక్సు తీసి ఇచ్చాను. చివరికి ఈ తగువు వ్యాపారుల సంఘం ముందుకు వెళ్ళింది.

"ఆ పిల్లోడు పెట్టేది అందరూ వినే పాటలు," అన్నాడు అధ్యక్షుడు. "నువ్వు పెట్టేది ఎవురికి కావాల? పక్కన ఆ ప్రమీలారాణి ఎంత నరకం పడతా ఉండాదో ఎప్పుడన్నా అనుకున్నావా? అసలు ఎందుకు పెడతావు, చెప్పు."

శ్రీమన్నారాయణ నేల చూస్తూ, "నాకు ఇష్టం," అన్నాడు.

ఆ జవాబు ఎవరికీ సరిపోలేదు. స్పీకరు తీసెయ్యమన్నారు. తీసేశాడు.

మర్నాడు ఆయన దుకాణం మూగదైంది. సాయి స్పీకరు ఒక్కటే వీధిని ఏలింది. రెండు మూడు రోజులు చూసి, కుట్టడానికిచ్చిన చొక్కా కోసం ప్రమీలారాణి షాపుకు వెళ్ళాను. మిషను ఆగి ఉంది. చెవుల్లో దూది పెట్టుకుని, గుడ్డ కప్పిన ఆ రెండో మిషను పక్కన కూర్చుని ఉంది.

"కాలేదన్నా నీ చొక్కా. చెయ్యాడటం లేదు," అంది దూది తీసి. "సెట్టన్న ఎందుకు ఆపేసినాడు? ఒంట్లో బాగలేదా?"

సంఘం తీర్పు చెప్పాను. ఆమె కోసమే ఆపించారని కూడా చెప్పాను.

"నా పేరు చెప్పినారా?" అంది. దూది పక్కన పడేసి చెప్పుకొచ్చింది. "మా ఆయన పాడని సినిమా పాట లేదన్నా. ఏ పాట వచ్చినా ఆయన గొంతే వినపడతాది నాకు. మాటల్లేకుండా సన్నాయి పెట్టినా అంతే, లోపల మాటలు వచ్చేస్తాయి. పోనీ ఏమీ లేకుండా కూర్చుందామంటే, ఆ మిషను చప్పుడు లేదని తెలస్తా ఉంటాది. అది ఇంకా కష్టం. ఒకరోజు ఏడస్తా ఉంటే గోడవతల సెట్టన్న విన్నట్టుండాడు. ఏమీ అడగలా. ఆ తర్వాత గోడ మింద తట్టి, 'ఇది తెలుసునా అమ్మా నీకు?' అని ఏదో పెట్టినాడు. తెలుసన్నాను. తీసేసినాడు. ఇంకోటి పెట్టినాడు. అట్ట ఎన్ని మార్చినాడో. ఒకరోజు ఈ గిటార్లు పెట్టినాడు. తెల్దన్నా అన్నాను. ఆ పొద్దు సాయంత్రం దాకా కుట్టుకున్నాను."

నేను నేరుగా రోడ్డు మీదికి రాలేకపోయాను. పక్కనే ఉన్న శ్రీమన్నారాయణ దుకాణంలోకి వెళ్ళి బస్తా మీద కూర్చున్నాను.

"మీటింగులో ఈ మాట చెప్పొచ్చు గదరా సెట్టీ."

ఏ మాట అని అడగలేదు. "ఆమె ఏడుపు తీసుకుపోయి సంఘం బల్ల మింద పెట్టమంటావా?" అన్నాడు.

"ఇంతకీ నీకు ఆ పాటలు నచ్చుతాయా?"

అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "ఒక్కటి గూడా నచ్చలా. ఆ తువాళ్ళోళ్ళు మొదలుపెడితే నాకు నడినెత్తిన పోటు వస్తాది. రెండు మాత్రలు మింగాల."

అప్పుడే ప్రమీలారాణి మెడలో టేపుతోనే ముసురులో రోడ్డు దాటడం కనిపించింది. సాయి షాపు మెట్ల దగ్గర నిలబడి ఏదో చెప్పింది. ఎక్కువసేపు చెప్పలేదు. కుర్రాడి చెయ్యి స్పీకరు మీదికి పోయి పాట ఆగిపోయింది. ఆమె తిరిగొచ్చి తన షాపులోకి వెళ్ళిపోయింది. కాసేపటికి సాయి తనే స్పీకరును మెట్ల మీద నుంచి లోపలికి ఈడ్చుకున్నాడు. తర్వాత తడుస్తూనే వచ్చి మా ముందు నిలబడ్డాడు.

"అంకుల్, మీది పెట్టుకోండి. సంఘంలో నేను చెప్తాను," అని, కాళ్ళ వైపు చూస్తూ, "చావు మేళం అన్నాను. తప్పు," అన్నాడు.

"పోనీలేబ్బా. నువ్వన్నది నిజమే," అన్నాడు శ్రీమన్నారాయణ దిగులుగా.

స్పీకరు బల్ల మీదికి వచ్చింది. బావిలోంచి గిటార్లు లేచాయి. శ్రీమన్నారాయణ కళ్ళు మూసుకుని కణతలు పట్టుకున్నాడు. రేకు గోడ అవతల మిషను ఒకసారి దగ్గి, ఆగి, మళ్ళీ అందుకుంది. ఇంకాసేపటికి గోడ మీద టకటకా చప్పుడైంది.

"సెట్టన్నా, ఇంకొంచెం పెంచు. మిషన్ సౌండులో సరిగ్గా వినపళ్ళా."

ఆయన కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. "విన్నావా? ఇదీ నా ఖర్మ," అంటూ లేచి, స్పీకరు సౌండు గుండీని చివరికంటా తిప్పాడు.