నొక్కొద్దన్న బటన్

కొత్తపేట బస్టాండు దగ్గర శారోన్ గ్రాఫిక్స్ అని ఒక చిన్న షాపు ఉంది. దానికి యజమాని, డిజైనరు, పొద్దున్నే ఊడ్చేవాడు, సాయంత్రం తాళం వేసేవాడు, అన్నీ మాణిక్యాలరావు గారే. యాభై ఏడేళ్లుంటాయి. ముప్ఫై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లకూ, చనిపోయినవాళ్ల ఆదరణ కూడికలకూ కార్డులు ఆయన చేతి మీదుగానే వెళ్లాయి. తన పెళ్లి కార్డొకటే వేసుకోలేదు. మొదట్లో చెల్లెళ్ల పెళ్లిళ్లు కానివ్వండన్నారు, తర్వాత అమ్మ మంచం పట్టిందన్నారు, ఆ తర్వాత అడిగేవాళ్లే లేకపోయారు.

ఒకప్పుడు పెళ్లి కార్డంటే ఆ ఇంటి నుంచి ఆరుగురు దిగేవారు. ఆయన వెనకాల కూర్చుని, ఆహ్వానించేవారి పేర్లలో పెదనాన్న పైనుండాలా, మేనమామ పైనుండాలా అని గంటల తరబడి దెబ్బలాడుకునేవారు. ఒకరు అలిగి రోడ్డెక్కితే ఇంకొకరు వెళ్లి బతిమాలి తెచ్చేవారు. మధ్యలో తీర్పు చెప్పేది మాణిక్యాలరావు గారే. టీలు తెప్పించేదీ ఆయనే. ఇప్పుడా సందడి ఎక్కడిది? పేర్లు ఫోన్లో వస్తాయి, కార్డు ఫోన్లో వెళ్తుంది, బాగుందని బొటనవేలి బొమ్మ ఒకటి తిరిగొస్తుంది. పని తగ్గలేదు. మనుషులే రావడం మానేశారు.

ఆ రోజుల్లోనే కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చి పడింది. పాతది ఒక్కసారి సీడీ కొని పెట్టుకుంటే పద్దెనిమిదేళ్లు కిక్కురుమనకుండా పనిచేసింది. కొత్త కంప్యూటర్ దాన్ని దగ్గరికి రానివ్వలేదు. ఇక చేసేదేముంది, నెలనెలా చందా కట్టేది తీసుకున్నారు. చందా మాత్రం కంపెనీవాళ్లు తేదీ తప్పకుండా కోసుకునేవారు. దాన్ని అప్‌డేట్ చేసే పనిముట్టు ఒకటి వేరే ఉంది, దాని దుంప తెగ! తొంభై నాలుగు శాతం దాకా పరుగెత్తుకొచ్చి అక్కడ చతికిలబడేది. ఆపితే మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఖర్మ కాలి పూర్తయిందా, చేసిపెట్టుకున్న కార్డుల్లో వత్తులన్నీ ఊడిపోయి అక్షరాల పక్కన వరసగా నిలబడేవి.

తిట్టుకుంటూనే కంపెనీవాళ్ల సహాయం నంబరుకు ఫోన్ చేశారు. నలభై నిమిషాలు సంగీతం వినిపించాక హైదరాబాదు నుంచి అభిలాష్ అనే ఉద్యోగి పలికాడు. పుస్తకం చదువుతున్నట్టు మాట్లాడాడు. అక్కడి నుంచే ఈయన కంప్యూటర్‌ని తన చేతిలోకి తీసుకున్నాడు. తెర మీద బాణం గుర్తు దానంతటదే తిరుగుతుంటే మాణిక్యాలరావు గారు మౌస్ వదిలేసి చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నారు. ఫాంట్లు సరిచేయడానికి చాలాసేపు పట్టింది. మాటల మధ్యలో అవుననబోయి అభిలాష్ చటుక్కున "ఆయ్" అనేశాడు. మనవైపు వారేనా అని ఈయన అడిగారు. తాటిపాకండి, ఇక్కడ నవ్వుతారని జాగ్రత్తగా మాట్లాడతానండి అన్నాడతను.

అంతే, ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. వానల గురించి, గోదారి గురించి, పులస ధర గురించి. చివర్లో అభిలాష్ "భోంచేసేరా అండీ?" అని అడిగాడు. ఆ మాట విని ఎన్నాళ్లయిందో మాణిక్యాలరావు గారికే గుర్తులేదు. ఇక మీదట ఆ అప్‌డేట్ బటన్ మాత్రం నొక్కొద్దని, నొక్కితే అంతా మళ్లీ మొదటికొస్తుందని ఒకటికి రెండుసార్లు చెప్పి అభిలాష్ ఫోన్ పెట్టేశాడు.

నాలుగు రోజులు నొక్కలేదు. అయిదో రోజు వాన. షాపు ముందు కుక్క కూడా నిలబడలేదు. మాణిక్యాలరావు గారు బటన్ నొక్కారు. పొరపాటున కాదు, తెలిసి తెలిసి నొక్కారు. వత్తులు ఊడిపోతుంటే సంతోషపడ్డారు కూడా. ఫోన్ చేసి, అభిలాష్ గారే కావాలన్నారు. పై వారం మళ్లీ అదే పని. మూడోసారికి బాబూ, బాబాయిగారూ అని వరసలు కూడా కలిశాయి.

నాలుగోసారి కూడా అభిలాష్ ఫాంట్లు సరిచేయడం మొదలుపెట్టాడు, అంతలోనే ఆపేశాడు. బాణం గుర్తు తెర మధ్యలో ఆగిపోయింది.

"బాబాయిగారూ, ఏమీ అనుకోకండి. ఎప్పుడు నొక్కేరో అంతా ఇక్కడ కనిపిస్తుందండి. మీరే నొక్కుతున్నారు కదండీ?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ ఆయనకు అందుకు నోరు రాలేదు.

"ఆయ్."

"ఎందుకండీ?"

"నువ్వు భోంచేసేరా అని అడుగుతావు కదా, బాబూ."

అభిలాష్ గొంతు తగ్గించి తన సంగతి చెప్పాడు. ఒకే ఫిర్యాదు పదేపదే తిరిగొస్తే పని చేతకాదని రాసుకుంటారట. పైవాళ్లు నిన్న పిలిచి అడిగారట. ఇంకోసారి వస్తే ఉద్యోగంలోంచి తీసేస్తారట. అందుకని ఆ అప్‌డేట్ పనిముట్టునే పూర్తిగా తీసేస్తున్నానన్నాడు. కాసేపట్లో కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది, సమస్య తీరితే ఒకటి, తీరకపోతే రెండు నొక్కమని అడుగుతుంది, మీ ఇష్టం బాబాయిగారూ అని పెట్టేశాడు.

ఫోన్ వచ్చింది. ఎవరిదో ఆడగొంతు, రికార్డు చేసింది. రెండు నొక్కితే రేపు అభిలాష్ మళ్లీ మాట్లాడి తీరాలి. మాణిక్యాలరావు గారి వేలు రెండు మీదే ఉండిపోయింది. ఆ గొంతు మరోసారి అడిగింది. ఆయన ఒకటి నొక్కారు.

మర్నాడు సాఫ్ట్‌వేర్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. పదిన్నరకల్లా ఆ రోజు చేయాల్సిన మూడు కార్డులూ అయిపోయాయి. సాయంత్రం షట్టర్ దించేదాకా ఆయనతో ఎవరూ మాట్లాడలేదు.