వాసెన మీద మోమోలు

మార్టూరులో గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీల దారిన వెళ్లేవాళ్లలో షాజాదీ టిఫిన్ బండి తెలియనివాళ్లుండరు. ఆవిడకో పిచ్చి. ఏ రాష్ట్రం లారీ డ్రైవరొచ్చినా, ప్లేటు చేతికిచ్చేలోపే మీ వైపు ఆవిరి మీద ఏం వండుతారని ఆరా తీస్తుంది. ఢోక్లా, పుట్టు అలా నేర్చుకున్నవే. ఇడ్లీ మాత్రం ఎవరెన్ని చెప్పినా అత్తగారి పద్ధతే. గిన్నె మూతికి తడిగుడ్డ బిగించి వాసెన కట్టి, దానిమీదే పిండి వేస్తుంది.

ఆ మధ్య పక్క వాటాలోకి డార్జిలింగ్ కొండల నుంచి పేమా అనే అమ్మాయి కాపురానికొచ్చింది. భర్త రాయి పాలిష్ పడతాడు. పిల్లకి వేవిళ్లు. ఏం తిన్నా కక్కేస్తోంది, ఇడ్లీ కూడా ఇమడలేదు. పుట్టింటికి పంపేద్దామని అతను టికెట్ తీశాడు. ఆ ఒంటితో అంత దూరమా! అనుకుంది షాజాదీ. మీ వాళ్లు ఆవిరి మీద ఏం చేసుకుంటారని అతన్ని అడిగింది. మోమో అన్నాడు, మైదాలో క్యాబేజీ కూర పెట్టి ముడిచి ఉడికించడమే అన్నాడు.

ఇక్కడే మన ఘనురాలు సొంత తెలివి చూపించింది. పులియని పిండిని ఆవిరికి పెట్టడమేంటి, రాయవుతుంది కదా అనుకుని, మైదాలో గరిటెడు ఇడ్లీ పిండి కలిపి రాత్రంతా ఉంచేసింది. పొద్దున్నే కూర పెట్టి ముడిచి వాసెన మీద సర్దింది. కూర అయిపోగా మిగిలిన పిండిని ఉత్తి ముద్దలుగా ఓ పక్కన పెట్టింది. మూత తీస్తే ఏముంది? మోమోలు ఉబ్బి, ముడులు విచ్చుకుని, కూరంతా గుడ్డకంటింది. పారేయడానికి చేతులు రాక అలాగే పట్టుకెళ్లింది.

పేమా మోమోల వైపు చూడను కూడా చూడలేదు. ఉత్తి ముద్ద తుంచి, వాసన చూసి, నోట్లో పెట్టుకుంది. మళ్లీ తుంచింది. ఇది టింగ్మో అట, వాళ్లమ్మ పులిసిన పిండిని పొరలు పొరలుగా చుట్టి చేసేదట. వచ్చీరాని హిందీలో అంత చెప్పేసరికి ఆ పిల్ల కళ్లు నిండాయి. ఇప్పుడు కక్కుతుంది, ఇప్పుడు కక్కుతుందని షాజాదీ బేసిన్ పట్టుకుని కూర్చుంది. కక్కలేదు.

సాయంత్రం రైలు. భర్త సంచి సర్దుతుంటే పేమా గోడ పట్టుకుని నడుచుకుంటూ షాజాదీ వంటింట్లోకొచ్చింది. షాజాదీ దారిలో తినమని మిగిలిన ముద్దలు మూట కట్టబోయింది. పేమా ఆ చెయ్యి ఆపి, పీట లాక్కుని కూర్చుంది.

"రేపటికి పిండి కలిపారా ఆంటీ?" అంది.