హాల్ టికెట్ మీద తెల్ల చారలు

అప్పట్లో మేము అవనిగడ్డలో ఉండేవాళ్లం. బ్యాంకు పరీక్ష కోసం మా అమ్మాయి ఉదయాన్నే బందరు బస్సెక్కాలి. తీరా ఇంట్లో ప్రింటర్ మీద హాల్ టికెట్ ప్రింట్ తీస్తే, ఫొటోలో ముఖం నిండా తెల్ల చారలు. నెలల తరబడి వాడక కార్ట్రిడ్జ్‌లో ఇంకు ఎండిపోయింది. ఊళ్లో నెట్ సెంటర్లు ఇంకా తెరవలేదు.

"నన్ను లోపలికి రానివ్వరు నాన్నా," అని అది ఏడుపు మొదలెట్టింది.

మా ఆవిడ గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ తడిపి తెచ్చింది. "పోయినేడు రిపేరుకొచ్చినాయన కార్ట్రిడ్జ్‌ని ఇలాంటి తడిగుడ్డమీదే అద్దాడండీ, మీరూ అద్ది చూడండి," అంది.

కార్ట్రిడ్జ్ మూతిని గుడ్డకు ఆనించి పట్టుకున్నాను. కాసేపటికి నల్లటి మరక పాకింది. మళ్లీ ప్రింట్ తీస్తే ముఖం స్పష్టంగా వచ్చింది.

అయినా సాయంత్రందాకా నాకు ముద్ద దిగలేదు. "ఫొటో చూసి, నన్ను చూసి, వెళ్లి కూర్చోమన్నారు నాన్నా," అని అది పరీక్ష రాసొచ్చి చెప్పాకే కుదుటపడ్డాను.

ఇప్పటికీ పనున్నా లేకున్నా వారానికో పేజీ ప్రింట్ తీస్తాను. కాగితం పూర్తిగా బయటికొచ్చేదాకా ఊపిరి బిగబట్టే ఉంటాను.