మాటలు ముగిశాక వచ్చే గిటారు

నా చిన్నప్పుడు నా కాళ్లు నా మాట వినేవి కావు. అన్నానికి కూర్చోబెడితే సగం కంచంలోనే లేచి వాకిట్లోకి పరుగెత్తేదాన్ని. బడిలో గంట కొట్టకముందే పుస్తకాలు సంచిలో ఉండేవి. "దీని కాళ్లకింద ఎవురైనా నిప్పులు పోసినారా?" అని మా అవ్వ తల కొట్టుకునేది. ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డాను, పెద్దగా మారింది లేదు లెండి.

మాది తిరుత్తణి దగ్గర కే.జీ.కండిగై, సేద్యం చేసుకునే ఇల్లు. పక్కింటి అక్క మద్రాసు హాస్టలులో ఉండి చదువుకుంది. అక్కడ ఆమెకు ఇంగ్లండు రాక్ బృందం ఒకదాని పిచ్చి పట్టింది. ఏ పాట ఏ ఆల్బంలో, ఏ వైపు, ఎన్నోదో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. వాళ్ల రెండో ఆల్బమే గొప్పదని లోకమంతా అంటుందట. అక్కకు మాత్రం ఎవరూ కొనని అయిదోదే ప్రాణం. "జనానికి ఓపిక లేదు మే, అందుకే అది వాళ్లకు పట్టలేదు," అని ఆ బృందం తరఫున నాతో పోట్లాడేది. నాకు ఆ బృందం పేరే నోరు తిరిగేది కాదు. చదువు ముగిసి ఊరికి వచ్చేశాక, హాస్టలు రికార్డులు హాస్టలులోనే ఉండిపోయాయి. మూడేళ్లపాటు అక్క ఆ పాటల్ని వినలేదు.

ఆ మూడో ఏడు ఆడినెలలో, ఆషాఢమాసపు రోజుల్లో, అక్క బస్సు దిగబోతూ పడి కాలు విరగ్గొట్టుకుంది. పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించారు. ఆకుపసరు, గుడ్డుసొన వాసనేసే ఆ కట్టుతో నలభై అయిదు రోజులు కదలకూడదు. పది రోజులకే మనిషి వాడిపోయింది. పలకరిస్తే గోడవైపు తిరిగేది, అన్నం పెడితే వద్దనేది. వాళ్లమ్మ మా ఇంటికొచ్చి ఏడ్చింది. అప్పుడే ఎవరో చెప్పారు, తిరువళ్లూరులో పాటలు క్యాసెట్టుకు ఎక్కించే అంగడిలో ఆ బృందం రికార్డులు ఉన్నాయని.

మా మామ పంపుసెట్టు మోటారుకు కాయిలు చుట్టించడానికి మరునాడే తిరువళ్లూరు వెళ్తున్నాడు. నన్ను వెంట పంపారు. అక్క ఒక ఖాళీ క్యాసెట్టు, పది పాటలు రాసిన కాగితం నా చేతిలో పెట్టింది. "ఇవి వస్తే ఈ నెల యెట్లో గడిపేస్తా మే. లేకుంటే నాకు పిచ్చే పట్టేట్టుంది," అంది.

ఆ రోజుల్లో గంటసేపు పాటలు ఎక్కించాలంటే గంటా కూర్చోవలసిందే. ఇటు రికార్డు తిరగాలి, అటు క్యాసెట్టు తిరగాలి. మామ నన్ను అంగడిలో దించుతూ, "రెండుకంతా ముగిస్తే రెండున్నర రైలుబండికి పోదాం. లేకుంటే ఆరు బండే," అన్నాడు. నా ప్రాణం విలవిల్లాడింది. తిరుత్తణి కొండ గుడిలో ఆడికృత్తిక తిరునాళ్ల, రంగులరాట్నం వచ్చి ఉంది. ఆరు బండికి పోతే ఇక రాట్నం ఎక్కడ, ఊరి బస్సు అందుకోవడానికే సరిపోతుంది.

మేం వెళ్లేసరికి అంగట్లో వేరేవాళ్ల క్యాసెట్టు నడుస్తోంది. మా వంతు వచ్చేసరికి ఒంటిగంట దాటి పావుగంట అయింది. రికార్డింగు అన్న రెండు పాటలు తానే ఎక్కించి భోజనానికి లేచాడు. "పాట పూర్తిగా ముగిసినాంక రికార్డు మీది ముల్లు ఎత్తు పాపా, ముందర ఎత్తొద్దు," అని మీట ఎలా నొక్కాలో చూపించి వెళ్లాడు.

మూడో పాటలో పాడేవాడు నోరు మూసుకున్నాడు. ఇక ఒట్టి గిటారే. అది ఎంతకీ ఆగదు! గోడ గడియారం చూస్తే ఒకటిన్నర దాటింది. మా భజనల్లో పాడేవాళ్లు ఆపగానే అరోహరా అని లేచిపోతాం. మాటలు అయిపోతే పాట అయిపోయినట్టే గదా అనుకున్నాను. ముల్లు ఎత్తేశాను. మిగిలిన ఏడింటికీ అంతే. అన్న తిరిగొచ్చి, "అప్పుడే ముగిసిందా?" అని ఆశ్చర్యపోయాడు. రెండున్నర బండి అందింది. రాట్నం రెండుసార్లు ఎక్కాను. పైకి వెళ్లాక కొండ మెట్లమీద మొక్కు కావళ్లు కనబడ్డాయి, కానీ అప్పటికే ఎప్పుడు దిగుతానా అని తొందర మొదలైంది.

మరునాడు పొద్దున అక్క మంచం పక్కన టేపురికార్డరు పెట్టాం. మొదటి రెండు పాటలూ అక్క కళ్లు మూసుకుని విన్నది, చెంపలమీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. మూడోది టక్కున తెగింది. అక్క కళ్లు తెరిచి నన్ను చూసింది. నేను గోడమీది బల్లిని చూశాను. నాలుగోదీ తెగింది. లేచి పారిపోదామని కాళ్లు పీకాయి.

అయిదో పాట తెగగానే ఒక వింత జరిగింది. అక్క తన నోటితోనే గిటారు వాయించడం మొదలుపెట్టింది! మంచంపట్టె మీద వేళ్లతో దరువు వేస్తూ, తెగిన చోటునుంచి కొసదాకా పాడింది. వాళ్లమ్మ జ్వరమేమో అనుకుని పరుగెత్తుకొచ్చి నుదురు పట్టి చూసింది. ఆరోదీ, ఏడోదీ అలాగే. ఆ మూడేళ్లలో ఒక్క కొస కూడా ఆమె మరిచిపోలేదు.

నాకు ఏడుపు ఆగలేదు. రాట్నం సంగతంతా చెప్పేశాను. అక్క తిట్టలేదు. "మాటలు అయిపోతే పాట అయిపోయినట్టా మే? అసలు పాట ఆడ్నించే గదా మొదలయ్యేది. నువ్వు కోసేసిందంతా నువ్వే నేర్చుకుని పాడల్ల. రా, కూర్చో," అంది. కట్టు విప్పేదాకా రోజూ కూర్చోబెట్టి ఆ ఎనిమిది కొసలూ నేర్పింది. కాళ్లు ఊపుకుంటూనే కూర్చున్నాను. పది రోజులు పోయాక అక్క అన్నం అడిగి తినడం మొదలుపెట్టింది.

పోయిన ఏడాది కవరైపేట్టైలో, కూతురింట్లో, అక్కకు మాట పడిపోయింది. చూడవచ్చిన వాళ్లు కాసేపు పలకరించి, బదులు రాకపోయేసరికి, "ఇంకేముంది, అయిపోయింది," అని లేచి వెళ్లేవాళ్లు. నాకూ లేవాలనే ఉండింది, కాళ్లు పీకుతూనే ఉన్నాయి. లేవలేదు. ఆమె చెవి దగ్గర వంగి, అయిదో పాట కొసను నోటితో వాయించాను. అక్క వేలు మంచంపట్టె మీద మెల్లగా దరువు వేసింది. ఆ దరువు ఆగేదాకా అక్కడే కూర్చున్నాను.