చెవి కోసిన పిల్లులు

చేపలు ఎండబెట్టే చోట పిల్లికి చేపనే ఎరగా పెట్టిన తెలివి నాది. పలాసలో కాపురముంటూ, ఉద్దానం తీరంలో ఒక జాలరి పేట బడికి రోజూ బస్సులో వెళ్లి పాఠాలు చెప్పే రోజులవి. ఇనప జాలీతో చేయించిన బోనులో మంచి నెత్తళ్ల చేపలు వేసి, తలుపు తాడు పట్టుకుని బడి గోడ వెనక కూర్చున్నాను. పిల్లులు వచ్చి బోను పైకెక్కి పడుకున్నాయి. చుట్టూ వలల మీద పరిచినవన్నీ నెత్తళ్లే అయితే బోనులో వాటికోసం దూరే ఖర్మ వాటికేం? చేపలు తిరగేస్తున్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. పలాసలో కోళ్ల దుకాణం వాడిని బతిమాలి కోడి పేగులు తెచ్చి పెట్టాక గాని ఒక్కటీ లోపలికి రాలేదు.

ఈ తిప్పలన్నీ ఎందుకంటే, ఎండు చేపలు ఎత్తుకుపోతున్నాయని పేట పెద్ద ఆ పిల్లులకు విషం మందు పెట్టించాలనుకున్నాడు. ఆ కబురు బడి పిల్లల నోట విని, సాయంత్రం ఆయన అరుగు మీదికి వెళ్లాను.

"ఆడోల్లు కాపలా కాయనేక సత్తన్నారు తల్లీ. ఈనడం, ఈనడం. ఎన్నని తోల్తాం?" అన్నాడు.

"ఈనకుండా ఆపరేషన్ చేయిస్తాను పెద్దయ్యా. చేయించి మళ్లీ ఇక్కడే వదిలేస్తాను. మందు మాత్రం పెట్టొద్దు."

"మల్లీ ఇక్కడే వొగ్గీత్తావా? అదేటి? దొంగని పట్టుకెల్లి మల్లీ మనింటికే తెచ్చినట్టు!"

వీటిని చంపితే పక్క పేటల నుంచి కొత్తవి దిగుతాయనీ, అవీ ఈనుతాయనీ, అసలు పిల్లులే లేకపోతే ఎలుకలు వలలు కొరికేస్తాయనీ ఎన్నో రోజులు చెప్పాను. చివరికి, "సర్లే, ఒక ఏడు సూద్దాం," అన్నాడు. పెద్ద బహుమానం ఇచ్చినట్టే అన్నాడు.

పలాసలో ఒక పశువుల డాక్టరు ఆపరేషన్లకు ఒప్పుకున్నాడు. బోను మీద గోనె కప్పి ఆటోలో తీసుకెళ్లేదాన్ని. చీకటిగా ఉంటే పిల్లి గోల పెట్టదు. ఒకసారి పెద్దాయన కూడా వచ్చాడు, బోను తన ఒళ్లోనే పెట్టుకున్నాడు. మత్తులో ఉన్న పిల్లి కడుపు కుట్టాక డాక్టరు దాని ఎడమ చెవి కొస కొంచెం కత్తిరించాడు. మళ్లీ పట్టుకొచ్చి మళ్లీ కడుపు కోయకుండా అదొక ఆనవాలు. పెద్దాయన తన చెవి తడుముకుని నవ్వాడు.

"మా అమ్మోరి మేకపోతుకి కోసినట్టే కోసీసినావేటి డాక్టరు బాబూ!"

ఆ పేటలో గంగమ్మకు మేకపోతును మొక్కుకుంటే దాని చెవి కోసి ఊరి మీద వదిలేస్తారు. అది ఎవరి పెరట్లో దూరినా కర్ర ఎత్తరు. సంబరం రోజున తల్లికి బలి ఇచ్చేస్తారు. నాకూ తెలిసిన సంగతే. ఆ రోజు నేనూ ఆయనతో పాటు నవ్వాను.

పిల్లులు తిరిగొచ్చాక ఆడవాళ్లు వాటిని కర్రతో కొట్టడం మానేశారు. నా మాట విన్నారని మురిసిపోయాను. బడిలో వంట చేసే ఆవిడ అసలు విషయం చెప్పింది. పిల్లల్లేని పంతులమ్మ కడుపు పండాలని గంగమ్మకు పిల్లుల్ని మొక్కుకుందట! నాకు ఒళ్లు మండింది. పిల్లల్లేరని నన్ను దెప్పడానికి మా అత్తవారు చాలరా? చేపలు ఎండబెట్టే చోటికి వెళ్లి, ఇది ఆపరేషన్ గుర్తు, మొక్కు కాదు, అని అందరికీ చెప్పాను. తలలూపారు. "అలాగే మేడమ్మా," అన్నారు. ఆ "అలాగే"లో ఉన్న జాలి చూసి ఇంకా మండింది.

ఏడాది తిరిగేసరికి వలల కింద కూనల అరుపులు లేవు. ఉన్న పిల్లులు నిగనిగలాడుతూ తిరిగేవి. వాటిలో బూడిద రంగు ముసలిది మధ్యాహ్నం బడిలో అన్నం గంట కొట్టగానే వచ్చి నా కుర్చీ కింద కూర్చునేది. పెద్దాయన కూడా, "నువ్వన్నదే నిజమైనాది తల్లీ," అన్నాడు. మందు మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాతి ఏడాది వేట సరిగా సాగలేదు. తెప్పలు ఖాళీగా తిరిగొచ్చేవి. అలల్లో ఒక తెప్ప బోల్తాపడి, పెళ్లయి ఏడాదైనా నిండని కుర్రవాడు పోయాడు. గంగమ్మ సంబరంలో ఒకావిడకు పూనకం వచ్చి, "నా సొమ్ము చెవి కోసి నాకివ్వకుండా ఊరి మీద తిప్పుతున్నారు," అని అరిచిందట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

సెలవుల తర్వాత బడికి వెళ్లేసరికి మూడో తరగతి పిల్ల ఎదురొచ్చి కొబ్బరిముక్క, అరటిపండు నా చేతిలో పెట్టింది. దాని ముఖం వెలిగిపోతోంది.

"పెసాదం మేడమ్. మీ మొక్కు తీరిపోనాది. పిల్లుల్నన్నీ గంగమ్మకి ఇచ్చీసినారు."

పాత వలలో చుట్టి, రాయి కట్టి, తెప్ప మీద తీసుకెళ్లి సముద్రంలో వేశారట. ఆ మధ్యాహ్నం అన్నం గంట కొట్టినప్పుడు నేను తరగతి గదిలోంచి బయటికి రాలేదు.

సాయంత్రం పెద్దాయనను నిలదీశాను. "నువ్వు చూశావు కదా పెద్దయ్యా? నీ ఒళ్లో పెట్టుకునే తీసుకెళ్లావు కదా?"

"సూసినాను."

"మరి అది మొక్కు కాదని చెప్పలేదేం?"

"మనిసి పోయిన ఇంటి ముందల నిలబడి పిల్లి మాట ఎలా ఎత్తీది తల్లీ? నీకు మంచే జరుగుతాదిలే."

చనిపోయిన కుర్రవాడి భార్య ఆ పక్క గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఆమెను చూసి నోరు మూసుకున్నాను. కానీ ఆయన మాటను మాత్రం ఈ రోజుకీ క్షమించలేదు. తెలియనివాళ్లు చేసిన పనికి ఏడ్చి ఊరుకోవచ్చు. అన్నీ తెలిసినవాడు నోరు మెదపకుండా కూర్చుని, పైగా నాకు మంచి జరుగుతుందని దీవించాడు.

తర్వాత కోటబొమ్మాళి వైపు బడికి బదిలీ చేయించుకున్నాను, కాపురం మాత్రం పలాసలోనే. కొన్నాళ్లకు ఒక ఆదివారం పెద్దాయన పలాసలో మా ఇంటికి వచ్చాడు. చిక్కిపోయాడు. మంచినీళ్లు తాగి, ఎలుకలు వలలన్నీ కొరికేస్తున్నాయని, బాగుచేసుకోవడానికే పొద్దు చాలడం లేదని చెప్పాడు.

"నాలుగు పిల్లుల్ని ఇప్పించు తల్లీ. సెవి కొయ్యనివి సూడు."

మా ఇంటి పిల్లి అప్పుడే గోడ దూకి వచ్చింది. దాని చెవి కొసా ఆ డాక్టరు కోసిందే. ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాను.

"ఇదొక్కటే ఉంది పెద్దయ్యా. తీసుకెళ్తావా?"

ఇచ్చేదాన్ని కాదు. తీసుకోడని తెలిసే అడిగాను. ఆయన చెయ్యి చాచాడు. పిల్లి తల ముందుకు పెట్టి ఆయన వేళ్లకు రుద్దుకుంది. తెగిన చెవి కొస తగలగానే చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు. లేచి చెప్పులు వేసుకున్నాడు.

"నీకింకా పిల్లలు కలగనేదా తల్లీ?" అని గుమ్మంలో ఆగి అడిగాడు.