సున్నం కింది అయిదు పంక్తులు

ఆమె పూర్తి పేరు మన్నూబియా బింత్ లజ్‌హర్ అద్-దరీదీ. హన్షీర్ అల్-కర్మా బడిలో నేను ఉపాధ్యాయినిగా చేరిన ఏడాది, ఒలీవ పంట చేతికివచ్చే కాలంలో, ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆమెను మొదటిసారి చూశాను. ఆడవాళ్ళకు చదువు నేర్పే తరగతి అది. ఒలీవకాయల పసరుతో నల్లబడిన చేతులతో వచ్చి గుమ్మంలోనే నిలబడింది. పేరు అడిగితే తండ్రి పేరు, తెగ పేరు కలిపి, పోలీసు ఠాణాలో చెప్పినట్టు చెప్పింది. తక్కినవాళ్ళు నవ్వారు.

“నవ్వండే, నవ్వండి. మా ఇంటి గోడలో అక్షరాలున్నాయి, ఒక్కోటి అరచేయంత. మీ ఇళ్ళల్లో మేకలు తప్ప ఏమున్నాయి?” అని వాళ్ళను కసిరి నావైపు తిరిగింది. “పంతులమ్మా, ముందు అవి నేర్పండి నాకు.”

“అవి రోమనుల అక్షరాలు, మన్నూబియా. నాకు రావు.”

“రావా?” ఆమె నన్ను నఖశిఖపర్యంతం చూసింది. “అయితే మీరూ వచ్చి నా పక్కన కూచోండి.”

మా ఊరు అప్పట్లో గుట్టమీద, పాత రోమను గుడి శిథిలం మీదనే ఉండేది. గుడిలో నాలుగు స్తంభాలు మాత్రమే నిలిచాయి. మిగిలిన రాళ్ళు తరతరాలుగా ఇళ్ళ గోడల్లోకీ, పశువుల కొట్టాల్లోకీ, బావి గట్టులోకీ చేరిపోయాయి. ఉపవాస మాసానికి ముందు ఊరంతా సున్నం వేసుకుంటారు. మన్నూబియా ఇంటి గోడలో అక్షరాలున్న రాయికి మాత్రం రెండు పూతలు పడతాయి. పట్నం నుంచి వచ్చే అధికారుల కంట అది పడకూడదు. ఆమె అత్త హనియ్యా ఆ రెండో పూతకు కుంచె ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు.

ఈ సంగతి తెలిసిన రోజున నేను తరగతిలో కోప్పడ్డాను. అక్షరాన్ని సున్నంతో పూడ్చడం అజ్ఞానమన్నాను. ఇంకా చాలా అన్నాను. అప్పుడు నా వయస్సు ఇరవై నాలుగేళ్ళు.

తరువాతి శుక్రవారం మన్నూబియా రాలేదు. ఆపై వారం అరిగిన గోళ్ళతో వచ్చి నోటుపుస్తకం నా ముందు పెట్టింది. అత్త గానుగ దగ్గర ఉండిపోయిన మూడు రోజుల్లో, తడిగుడ్డతో, చీపురుకట్టతో, చివరికి చేతి గోళ్ళతో సున్నమంతా గీకి, రాతిమీది అయిదు పంక్తులను ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాసింది. ఏడాది కిందట కలం పట్టుకోవడం రాని చేయి అది. ఒక్క గీత వంకర లేదు.

ఆ నకలును నేను పురావస్తు కార్యాలయానికి పంపాను. నా విద్యార్థిని చేతివ్రాతను తెలిసినవారెవరైనా మెచ్చుకోవాలన్నదే నా కోరిక. రాయి ఏ ఇంట్లో ఉన్నదో, ఏ గోడలో ఉన్నదో కూడా నిర్దుష్టమైన వాక్యాల్లో వివరించాను. ఆ ఇంట్లో మనుషులున్నారన్న సంగతి నా ఉత్తరంలో ఎక్కడా లేదు.

మళ్ళీ పూత వేస్తానని పట్టుబట్టిన అత్తను మన్నూబియా మూడు వారాలు అడ్డుకుంది. ఆ తరువాత రెండు కార్లు వచ్చాయి. అధికారి మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి, పైన్ గింజలు వేసిన టీ పుచ్చుకొని, రాతి ముందు గొంతుక్కూర్చొని చదివాడు. చనిపోయిన కూతురి జ్ఞాపకార్థం, కెకీలియా అనే ఆమె తన సొంత సొమ్ముతో ఈ గుడికి మెట్లు కట్టించిందట.

“ఆమె మొగుడి పేరో?” అని అడిగింది మన్నూబియా.

“లేదమ్మా.”

“విన్నావా అత్తా! మొగుడి పేరే లేదంట!”

“విన్నాలే. మన ఇల్లు ఉంటుందో ఊడుతుందో అది అడుగు,” అంది హనియ్యా.

అధికారి టీ గ్లాసు కింద పెట్టి చిరునవ్వు నవ్వాడు. జవాబు మాత్రం ఇవ్వలేదు.

జవాబు నెల తిరిగేసరికి కాగితం మీద వచ్చింది. ఇల్లు గుడి సరిహద్దులో ఉన్నది. రాయి ప్రభుత్వానిది. కుటుంబానికి కింద మైదానంలో రెండు గదుల సిమెంటు ఇల్లు ఇస్తారు. ఇంటిని వదిలెయ్యమని నేను మూడు విన్నపాలు రాశాను. మొదటి రెండింటికి ఉలుకూ పలుకూ లేదు. మూడోదానికి జవాబిచ్చినవారు నా భాష ఎంతో ప్రశంసనీయమని రాసి, ఉత్తర్వు మారదన్నారు.

ఇంటి దూలం ఒక కొస ఆ రాతిమీదనే ఆని ఉన్నది. రాయిని లాగిన రోజున ముందు గోడ పడింది, దాని వెనకే కప్పు పడింది. హనియ్యా దారిలో చుట్టిపెట్టిన పరుపు మీద కూర్చొని చూసింది. నేను దగ్గరికి వెళితే తల ఎత్తకుండానే అన్నది: “పంతులమ్మా, నీ చదువు నా ఇంటి కప్పు తినేసిందే తల్లీ. ఇంక అరిగించుకో.” ఆమె ఆ చలికాలం దాటలేదు.

రాయిని గుడి మెట్ల పక్కన నిలబెట్టి చుట్టూ కంచె వేశారు. ముందు ఒక పలక పెట్టారు. అది నా తరగతిలో నేర్చుకున్న అరబ్బీలో ఉండడంతో మన్నూబియా కంచె పట్టుకొని నిలబడి, నేను పక్కనుండగానే, వేలు కదుపుతూ పైకి చదివింది: “ఈ శాసనం కూలిపోయిన ఒక పాత గోడ శిథిలాల్లో లభించింది.” ఎక్కడా తడబడలేదు. తరగతిలో అయితే శభాష్ అనేదాన్ని. ఆమె నా ముఖంలోకి చూసింది, ఆ మాట కోసమే చూసిందేమో తెలియదు.

ఆ తరువాత కూడా ఆమె ప్రతి శుక్రవారం తరగతికి వచ్చింది. కొడుకు సహ్బీని నా బడిలోనే వేసింది. ఒక్కనాడైనా నిష్ఠూరమాడలేదు. ఆడుతుందని ముప్పై ఏళ్ళు ఎదురుచూశాను. తన పొయ్యి ఉండిన చోటు చూడాలంటే ఇప్పుడు టికెట్ కొనాలి. ఆమె కొనలేదు. కంచె ఇవతలే రొట్టెలు కాల్చి, వచ్చిపోయేవాళ్ళకు అమ్ముకుంది.

పోయిన వసంతంలో ఆమె మంచం పట్టింది. అంజూరపు జామ్ తీసుకొని చూడబోయాను. ఒక చెంచా నాకి, గిన్నె పక్కకు నెట్టింది.

“పంచదార దండిగా పడింది. మీకు వంట ఏనాడూ రాలేదు పంతులమ్మా,” అని కాసేపు ఊపిరి తీసుకుంది. “మా సహ్బీ నా సమాధికి పాలరాయి పురమాయించాడంట. పేరు చెక్కిస్తాడంట, బంగారు రంగేసి.”

“కన్నతల్లి మీద ప్రేమ. ఉండనీ.”

“ఆ కెకీలియా కూడా కూతురి మీద ప్రేమతోనే చెక్కించింది గదా. ఏమైంది? మా అత్త ఇల్లు పోయింది. నా రాయి ఎన్నేళ్ళకు ఎవరి గోడలో తేల్తుందో, ఎవరమ్మ నడివీధిన పరుపు మీద కూచుంటుందో, ఎవరికి తెలుసు?”

ఆమె నా మణికట్టు పట్టుకుంది.

“నేను చెప్తే వాడు వినడు. మీ బెత్తం తిన్నోడు, మీరు చెప్తే వింటాడు. రాయీ వద్దు, పేరూ వద్దు, ఉత్త మట్టి చాలని మీరే వెళ్ళి చెప్పండి పంతులమ్మా. ఇప్పుడే వెళ్ళండి, వాడు పనికాడే దొరుకుతాడు.”