సాక్ష్యంలో ఓబయ్య పేరు

వాకాడు పక్క సముద్రపు పల్లెలో క్రీస్తురాజుది తల్లి కాలంలోనే ప్రభువును నమ్ముకున్న కుటుంబం. చేపల వేటకు పోయేది మాత్రం ఓబయ్యతోనే. పడవ ఇద్దరిదీ. పొద్దున్నే ఓబయ్య గంగమ్మకు టెంకాయ కొడతాడు, క్రీస్తురాజు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటాడు, తర్వాత ఇద్దరూ కలిసి పడవను నీళ్ళలోకి తోస్తారు. దానిమీద ఏనాడూ మాటా మాటా రాలేదు.

మొన్న ముసురులో, ఏరు సముద్రంలో కలిసేచోట పడవ తిరగబడింది. వల కాళ్ళకు చుట్టుకుని క్రీస్తురాజు మునిగిపోతుంటే ఓబయ్య జుట్టు పట్టి పైకి లాగి, ఒడ్డుదాకా ఈడ్చుకొచ్చాడు. ప్రాణం దక్కింది గనక, విశ్వాసుల ఇళ్ళల్లో చేసినట్టే కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. ఇంటిముందు షామియానా, మైకు, కోడికూర. ఓబయ్యను క్రీస్తురాజు భార్య వినీలే పోయి పిలిచింది.

దేవుడు చేసిన మేలును నలుగురి ముందు సాక్ష్యంగా చెప్పమని పాస్టరుగారు మైకు చేతికిచ్చారు. "హల్లెలూయా" కేకలు వినేసరికి క్రీస్తురాజుకు ఊపొచ్చింది.

"చుట్టూ నీళ్ళే అయ్యా! పట్టుకునేదానికి ఒక్క మనిషి లేడు! నా దేవుడే చెయ్యి చాపి ఎత్తినాడు!"

అందరూ చప్పట్లు కొట్టారు. వెనక కుర్చీలోంచి ఓబయ్య గొంతు వినబడింది.

"అయితే ఆ పొద్దు నీ జుట్టు పట్టుకునింది ఎవురు రాజూ, సొరచేపా?"

పక్కనున్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఓబయ్య నవ్వలేదు. తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. "పనుంది, పోతాండా."

వినీల మొగుడి దగ్గరికొచ్చి పళ్ళు నూరింది. "పిలిచి అవమానం చేసినట్టుండ్లా? దేవుడు నిన్ను పట్టుకునింది ఆ అన్న చేత్తోనే గదా?"

క్రీస్తురాజుకు సిగ్గుతో చచ్చినంత పనయింది. అబద్ధమాడాలని ఆడలేదు. టెంకాయ కొట్టేవాడి పేరు సాక్ష్యంలో చెబితే దేవుడి మహిమ తగ్గుతుందేమో అనుకున్నాడు. ఇప్పుడు ఆ దేవుడి ముందే తలెత్తలేకపోయాడు.

పరుగున పోయి ఓబయ్య చెయ్యి పట్టుకుని మైకు దాకా తీసుకొచ్చాడు.

"అయ్యగారూ, నేను తప్పు చెప్పినా. మనిషి ఉండాడు. ఈ అన్నే. దేవుడు నన్ను కాపాడేదానికి పంపింది ఈ అన్ననే. పేరు చెప్పేదానికి నాకు నామోషీ అయింది."

ఇందాక హల్లెలూయా అన్నవాళ్ళంతా ఓబయ్యకేసి తిరిగారు.

"ఆ మైకు తీసెయ్యి రాజూ, ఊరంతా వినబడతా ఉంది," ఓబయ్య గొణిగాడు.

"వినబడనీ అన్నా," అన్నాడు క్రీస్తురాజు, తల దించుకునే.